లోకల్‌హోస్ట్ కాలం

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే రోడ్డు మీద, అజీజ్‌నగర్ మొదలుకొని మొయినాబాద్ మీదుగా చేవెళ్ల దాకా, 2000 తర్వాతి పదిహేనేళ్లలో ఒక చదువు సాగింది. ఇంజినీరింగ్ మూడో ఏడు చివర్లోనో నాలుగో ఏడు మొదట్లోనో వచ్చే ఆ సబ్జెక్టు పేరు వెబ్ టెక్నాలజీస్. పిల్లల నోట్లో అది డబ్ల్యూటీ. నెట్ లేని ల్యాబ్‌లో కూర్చుని నెట్ కోసం పేజీలు రాయడం, నోట్‌ప్యాడ్‌లో ట్యాగులు కొట్టి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి చూసుకోవడం, తప్పు ఎక్కడుందో తెలియక పక్కవాడి తెర వైపు తొంగి చూడడం, చివరికి అంతా రికార్డు పుస్తకంలో చేత్తో రాసి సంతకం పెట్టించుకోవడం, ఇదంతా ఆ చదువులో భాగం. ఆ పద్ధతి ఇవాళ ఎక్కడా అలా లేదు. పోయిందని సంతోషించేవాళ్లున్నారు, వాళ్ల కారణాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. అయినా నేను గట్టిగా చెప్పదలచుకున్న మాట ఒకటుంది. ఆ చదువులో ఎన్ని లోపాలున్నా, బ్రౌజర్‌లో నొక్కిన బటన్ దగ్గర్నుంచి డేటాబేస్‌లో పడే వరుస దాకా మొత్తం దారిని ఒక్క విద్యార్థి, ఒక్క కంప్యూటర్ మీద, తన చేతులతో వేసి నడిచి చూసే వీలు అందులో ఉండేది. తర్వాత వచ్చిన సౌకర్యాలన్నీ కలిసినా ఆ వీలును మామూలు విద్యార్థికి మళ్లీ అందించలేకపోయాయి.

ముందు ఆ నేల సంగతి చెప్పుకోవాలి. నగరానికి తాగునీరిచ్చిన ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడడానికి 1996 మార్చి 8న వచ్చిన 111 జీవో, మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్ వంటి మండలాల్లోని 84 గ్రామాల్లో కాలుష్యం తెచ్చే పరిశ్రమలకూ పెద్ద హోటళ్లకూ నివాస కాలనీలకూ అడ్డుకట్ట వేసింది. అందువల్ల, ఈశాన్యాన కొద్ది దూరంలోనే గచ్చిబౌలి అద్దాల మేడలతో నిండిపోతున్నా, ఇటువైపు పూలతోటలు, కూరగాయల మడులు మిగిలాయి. ఇక్కడి పూలు గుడిమల్కాపూర్ మార్కెట్‌కు వెళ్లేవి, ఇప్పటికీ వెళ్తున్నాయి. ఆ తోటల నడుమే కాలేజీలు లేచాయి. గండిపేటలో సీబీఐటీ 1979 నుంచి, ఎంజీఐటీ 1997 నుంచి ఉన్నాయి. 1998లో అజీజ్‌నగర్ గేటు దగ్గర విద్యాజ్యోతి, 2002లో యెంకపల్లి దగ్గర జోగినపల్లి బి.ఆర్. కాలేజీ వచ్చాయి. చిలుకూరు వైపు కేజీ రెడ్డి లాంటివి ఆ వరుసలో చేరాయి. 2003 ఏప్రిల్ 9న చేవెళ్ల నుంచే పాదయాత్ర మొదలుపెట్టిన వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్, పరిగి, వికారాబాద్, తాండూరు, షాబాద్ పల్లెల పిల్లల్ని ఈ కాలేజీ బస్సులెక్కించింది. 2012 నాటికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఇంజినీరింగ్ కాలేజీలు దాదాపు 700. వాటిలో చేరినవాళ్లలో చాలామందికి తమ ఇంట్లో ఇంజినీరింగ్ చదివినవాళ్లు అంతకుముందు లేరు. ఇంట్లో కంప్యూటరూ లేదు. వాళ్లకు వెబ్ అంటే ఎంసెట్ ర్యాంకు చూసుకోవడానికి వెళ్లిన నెట్ సెంటర్‌లో ఒకటి రెండుసార్లు చూసిన తెర. అలాంటివాళ్ల చేతికి ఆ తెర వెనకాల ఉన్నదంతా ఇచ్చి, కట్టి చూపించమన్న సబ్జెక్టు డబ్ల్యూటీ.

ల్యాబ్ వసతుల్ని ఇవాళ్టి కళ్లతో చూస్తే దయనీయంగా కనిపిస్తాయి. మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ వీఎస్ఎన్ఎల్ ద్వారా 1995 ఆగస్టు 15న మొదలైంది. 2004లో కేంద్రం బ్రాడ్‌బ్యాండ్ విధానం ప్రకటించినప్పుడు సెకనుకు 256 కిలోబిట్ల వేగాన్నే బ్రాడ్‌బ్యాండ్ అని లెక్కగట్టారు. ఊరికి దూరంగా ఉన్న కాలేజీల్లో ఆ వేగమూ అందరికీ కలిపే. చాలాచోట్ల నెట్ ఉన్న కంప్యూటర్లు విడిగా ఒక గదిలో ఉండేవి, ప్రోగ్రామింగ్ ల్యాబ్‌లోని మెషీన్లకు అది ఉండేది కాదు. కావలసిన సాఫ్ట్‌వేర్ ఎవరో ఒకరు మెహదీపట్నం నెట్ సెంటర్‌లో దించి సీడీలో రాసుకొస్తేనో, సీనియర్ల పెన్‌డ్రైవ్‌లోంచి కాపీ చేసుకుంటేనో వచ్చేది. పుస్తకాలకు కోఠి వెళ్లేవారు. ఈ కాలేజీల్లో చాలావాటి విశ్వవిద్యాలయమైన జేఎన్టీయూ తన సిలబస్‌లో చెప్పిన క్రిస్ బేట్స్ వెబ్ ప్రోగ్రామింగ్ పుస్తకం, హెర్బర్ట్ షిల్ట్ జావా పుస్తకం పాత ప్రతులుగా అక్కడ దొరికేవి. కొనలేనివాళ్లకు జిరాక్స్ సెంటర్ దిక్కు. సమాధానం వెతుక్కోవడానికి గూగుల్ అందుబాటులో లేని ఆ గదిలో, విద్యార్థికి ఉన్న ఆధారాలు మూడే: పుస్తకం, పక్కనున్న మనిషి, తెర మీద కనిపించే ఎర్రర్. ఈ మూడింటిలో ఎప్పుడూ వెంట ఉండేది ఎర్రరే కాబట్టి, దాన్ని అక్షరం అక్షరం చదవక తప్పేది కాదు.

ఆ చదువు విలువను అంచనా వేయాలంటే జేఎన్టీయూ ల్యాబ్ షీటును చదవాలి. కొన్ని బ్యాచ్‌ల పాటు వేల మంది చేసిన ఆ వారాల పట్టిక ఒక్క పనిని కొనసాగింపుగా ఇచ్చింది: ఆన్‌లైన్ పుస్తకాల దుకాణం. మొదటి వారం మూడు ఫ్రేముల హోమ్ పేజీ. పై ఫ్రేములో లోగో, కాలేజీ పేరు, లాగిన్, రిజిస్ట్రేషన్, క్యాటలాగ్, కార్ట్ పేజీలకు లింకులు. ఎడమ ఫ్రేములో సీఎస్ఈ, ఈసీఈ లాంటి బ్రాంచీల పేర్లు. దేని మీద నొక్కితే ఆ బ్రాంచి పుస్తకాలు కుడి ఫ్రేములో రావాలి. తర్వాత క్యాటలాగ్ పేజీ: ఒక టేబుల్‌లో పుస్తకం అట్ట బొమ్మ, రచయిత, ప్రచురణకర్త, ధర, కార్ట్‌లో వేసే బటన్. ఆ తర్వాత జావాస్క్రిప్ట్‌తో రిజిస్ట్రేషన్ పేజీ తనిఖీ: పేరులో అక్షరాలే ఉండాలి, పాస్‌వర్డ్ ఆరు అక్షరాలకు తగ్గకూడదు, ఈమెయిల్ సరైన రూపంలో ఉండాలి, ఫోన్ నంబరు పది అంకెలే ఉండాలి. ఆపై సీఎస్ఎస్‌తో రంగులు, అక్షరాల తీరు, వెనక బొమ్మ, లింకుల రూపం. ఆ తర్వాత అవే పుస్తకాల వివరాలు ఎక్స్ఎంఎల్ ఫైలుగా. ఒక వారం చేసింది మరో వారానికి పునాది అయ్యేది. మొదటి వారాల్లో టేబుల్ లోపల ఫాంట్ ట్యాగులు పెట్టి రంగులద్దినవాడికి, నాలుగో వారం సీఎస్ఎస్ వచ్చాక ఒక్క ఫైలు మారిస్తే పేజీలన్నీ మారడం కళ్లముందు కనిపించేది. పేజీలో ఉన్న విషయం వేరు, దాని రూపం వేరు అన్న సైట్ డిజైన్ మూలసూత్రాన్ని ఏ ఉపన్యాసమూ అంతకంటే బాగా చెప్పలేదు. ఎంచుకున్న ఉదాహరణ కూడా దూరదృష్టి గలది. 1995లో అమెజాన్ మొదలైంది పుస్తకాలమ్ముతూనే, 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ మొదలైందీ పుస్తకాలతోనే. మొయినాబాద్ ల్యాబ్‌లో పిల్లవాడు ఫ్రేములు గీస్తూ కడుతున్నది, దేశం అప్పుడప్పుడే చూడబోతున్న వ్యాపారపు నమూనా.

అసలు మలుపు టామ్‌క్యాట్ అనే వెబ్ సర్వర్ వేసే వారంలో వచ్చేది. అప్పటిదాకా పేజీ అంటే డబుల్ క్లిక్ చేస్తే తెరుచుకునే ఫైలు. టామ్‌క్యాట్ వేసి, దానికి 4040 పోర్టు ఇచ్చి, బ్రౌజర్‌లో లోకల్‌హోస్ట్ అని, పక్కన ఆ పోర్టు నంబరు కొట్టినప్పుడు అదే పేజీ సర్వర్ గుండా వచ్చేది. కళ్లకు తేడా ఏమీ కనిపించదు, కానీ లోపల జరిగిన మార్పు చాలా పెద్దది: అడిగేది ఒకరు, ఇచ్చేది మరొకరు, ఆ ఇద్దరూ ఈ ఒక్క డబ్బాలోనే ఉన్నారు. జావా హోమ్, క్లాస్‌పాత్ సరిగ్గా పెట్టకపోతే సర్వర్ లేవదు. సర్వర్ మీద నడిచే జావా ప్రోగ్రాము, అంటే సర్వ్‌లెట్, దానికి కావలసిన జార్ ఫైలు ఎక్కడుందో చెప్పకపోతే కంపైల్ కాదు. వెబ్ డాట్ ఎక్స్ఎంఎల్‌లో ఒక్క ట్యాగు మూయడం మరిస్తే దుకాణం మొత్తం మూతపడుతుంది. ఒరాకిల్ ఎక్స్‌ప్రెస్ ఎడిషన్ ఉన్న మెషీన్లలో మరో చిక్కు: అది కూడా 8080 పోర్టునే వాడుకుంటుంది, టామ్‌క్యాట్ మామూలుగా అడిగేదీ అదే. 4040 ఇవ్వడం మరిచినప్పుడు రెండూ కలహించి ఒకటి లేవకపోతే, పోర్టు అంటే ఏమిటో, ఒకే గుమ్మంలోంచి ఇద్దరు పలకలేరన్న సంగతి ఏమిటో ఆ గంటలో తెలిసిపోయేది. ఆ తర్వాత నలుగురు యూజర్లు, నాలుగు పాస్‌వర్డ్‌లు, కుకీలతో లాగిన్, జేడీబీసీతో డేటాబేస్, జేఎస్పీతో క్యాటలాగ్. స్కాట్, టైగర్ అన్న ఒరాకిల్ యూజర్, పాస్‌వర్డ్ జంట ఆ తరంలో ఎవరికి చెప్పినా గుర్తొస్తుంది. సెమిస్టర్ ముగిసేసరికి పుస్తకాల దుకాణంలో రిజిస్టర్ చేసుకున్న పేరు డేటాబేస్ టేబుల్‌లో కనిపించేది. బ్రౌజర్, సర్వర్, ప్రోగ్రాము, డేటాబేస్, ఈ నాలుగూ ఒక టేబుల్ మీది ఒక మెషీన్‌లో, ఒక మనిషి అదుపులో ఉండేవి.

ఇది ఎందుకంత ముఖ్యమో ఒక్క ఉదాహరణతో చూపించవచ్చు. హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి లేదు. ఒక పేజీ అడిగిన మనిషే మరుక్షణం ఇంకో పేజీ అడిగినా సర్వర్‌కు అతను కొత్తవాడే. కార్ట్‌లో పుస్తకం వేసి వేరే పేజీకి వెళ్లి తిరిగొస్తే కార్ట్ ఖాళీగా ఉండడం చూసిన విద్యార్థికి ఈ సంగతి సిద్ధాంతంగా కాక తన దుకాణంలో జరిగిన నష్టంగా తెలిసేది. అప్పుడు కుకీ దేనికో, సెషన్ దేనికో ఒకరు చెప్పనక్కర్లేదు. బ్యాంకు సైటు కాసేపు వదిలేస్తే మళ్లీ లాగిన్ ఎందుకు అడుగుతుందో, ఒక వస్తువు చూస్తే దాని ప్రకటన వెంటపడి ఎందుకు వస్తుందో, ఆ తర్వాత పదేళ్లకైనా వాళ్లకు అర్థమవుతుంది. అలాగే గెట్ పద్ధతిలో పంపిన పాస్‌వర్డ్ అడ్రస్ బార్‌లో అందరికీ కనబడేలా నిలబడడం చూసినవాడు పోస్ట్ ఎందుకు పుట్టిందో మరిచిపోడు. జావాస్క్రిప్ట్ ఆపేస్తే తను కష్టపడి రాసిన తనిఖీ అంతా పక్కకు తప్పుకుంటుందని గమనించినవాడికి, బ్రౌజర్‌లోంచి వచ్చేదాన్ని సర్వర్ మళ్లీ పరీక్షించుకోవాలన్న భద్రతా పాఠం దక్కినట్టే. ఇవన్నీ వెబ్‌కు పునాదిరాళ్లు. 1991లో టిమ్ బెర్నర్స్ లీ మొదటి సైటు ప్రపంచానికి తెరిచిన నాటి నుంచీ ఈ అడగడం, ఇవ్వడం అన్న మూలం మారలేదు. పైన ఎన్ని అంతస్తులు లేచినా కింద ఉన్నది అదే. ఆ ల్యాబ్ విద్యార్థిని పై అంతస్తులో దించలేకపోయింది గానీ, పునాది దగ్గర నిలబెట్టింది.

ఈ మాటకు వెంటనే ఎదురయ్యే ఆక్షేపణ కాపీ గురించి. ఆ ల్యాబుల్లో నిజంగా ఎంతమంది ప్రోగ్రాము రాశారు, అందరూ ఒకరి ఫైలునే కాపీ చేసుకోలేదా, రికార్డులన్నీ పాత రికార్డులు చూసి రాసినవి కావా అని అడుగుతారు. ఆ అడగడంలో న్యాయముంది. ల్యాబ్ పరీక్షకు 75 మార్కులు, అందులో 25 ఇంటర్నల్, 50 ఎక్స్‌టర్నల్. అబ్జర్వేషన్ పుస్తకంలో సంతకం, రికార్డులో సంతకం, వైవాలో నాలుగు ప్రశ్నలు. ఇంత మందికి ఇంత తక్కువ సమయంలో ఇచ్చే మార్కులు పని కంటే కాగితాన్నే చూసేవి. రెండు వందల వరుసల సర్వ్‌లెట్‌ను నీలం ఇంకుతో రాయడం వల్ల ప్రోగ్రామింగ్ వస్తుందని ఎవరూ అనరు. కానీ అలా కాపీ కొట్టిన ఫైలుకు ఏం జరిగేదో కూడా చూడాలి. పక్కవాడి సర్వ్‌లెట్ ఫోల్డరు తెచ్చుకుని తన మెషీన్‌లో పెట్టుకుంటే అది నడవదు. అతని ఫోల్డరు పేరు వేరు, పోర్టు వేరు, డేటాబేస్ పాస్‌వర్డ్ వేరు, ఒక్కోసారి జావా వెర్షన్ కూడా వేరే. నడిపించుకోవాలంటే కాపీ కొట్టినవాడు కూడా ఎక్కడ ఏది మార్చాలో కనుక్కోవాలి. కాపీని అతికించుకోవడానికి పడిన ఆ తంటాలోనే వెబ్ ముక్కలు ఒకదానికొకటి ఎలా ఆనుకుని ఉన్నాయో తెలిసింది. కాపీ పద్ధతిని నేను సమర్థించడం లేదు, దానివల్ల నష్టపోయినవాళ్లే ఎక్కువ. అయితే అడుగడుగునా విరిగిపోతూ, సరిచేసుకుంటే గానీ పని చేయని సరంజామా, బద్ధకస్తుణ్ని కూడా కొంతైనా నేర్చుకోనిచ్చింది. ఇప్పుడు ఒక బటన్ నొక్కితే నడిచే కాపీలో ఆ కొంత కూడా మిగలదు.

రెండో ఆక్షేపణ పాతబడడం గురించి. పిల్లలకు నేర్పిన ఫ్రేములు 2014 అక్టోబర్‌లో హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంగా వచ్చేసరికి వాడకూడని జాబితాలోకి వెళ్లిపోయాయి. ఎంఎస్ యాక్సెస్‌ను జావాతో కలిపే ఓడీబీసీ వంతెన అదే ఏడాది జావా 8తో తొలగిపోయింది. సిలబస్ చివరి యూనిట్లో కూర్చున్న స్ట్రట్స్‌ను ఇప్పుడు కొత్త ప్రాజెక్టుల్లో వాడేవాళ్లు బహు తక్కువ. కాబట్టి చచ్చిన భాషలు నేర్పారని అంటారు. నా జవాబు ఆ జాబితాను చివరిదాకా చదవమనే. ఫ్రేములు పోయాయి, కానీ పేజీని పై భాగం, పక్క భాగం, నడిమి భాగంగా విడగొట్టి ఒకటి మారినా మిగతావి నిలిచేలా చేయాలన్న ఆలోచన ఇవాళ్టి ప్రతి సైటులోనూ ఉంది. వంతెన పోయింది, ప్రోగ్రాముకూ డేటాబేస్‌కూ మధ్య ఒక డ్రైవర్ ఉండాలన్న అవసరం పోలేదు. ఫారం, టేబుల్, లింకు, కుకీ, గెట్, పోస్ట్, ఇవన్నీ అలాగే ఉన్నాయి. 1996లో మొదటి ప్రమాణం వచ్చిన సీఎస్ఎస్, 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో మొదటి రూపం ఇచ్చిన జావాస్క్రిప్ట్, ఇవాళ వెబ్‌ను ఏలుతున్నాయి. పన్నెండు వారాల ల్యాబ్‌లో నేర్పిన పనిముట్లలో సగం మూలపడ్డా, పనిలో దాదాపు ఏదీ మూలపడలేదు. పైగా ఇవాళ నేర్పే ఫ్రేమ్‌వర్కులు పదేళ్ల తర్వాత ఉంటాయన్న హామీ ఎవరూ ఇవ్వలేరు. పాతబడడమే నేరమైతే ఆ నేరం ప్రతి సిలబస్‌దీ.

మూడో ఆక్షేపణ బతుకుతెరువు వైపు నుంచి వస్తుంది. కాలేజీలో డబ్ల్యూటీ చేసినవాళ్లకు దాంతో ఉద్యోగం రాలేదు, మెహదీపట్నం మీదుగా అమీర్‌పేట బస్సెక్కి మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో కోర్ జావా, అడ్వాన్స్‌డ్ జావా మళ్లీ నేర్చుకుంటే గానీ ఇంటర్వ్యూ గట్టెక్కలేదు, పెద్ద కంపెనీలు చేర్చుకున్నవాళ్లకు కూడా నెలల తరబడి మళ్లీ శిక్షణ ఇచ్చాయి, మరి కాలేజీ ల్యాబ్ ఏం సాధించినట్టు? ఇందులో నిజం ఉంది. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ ప్రాంతపు పిల్లల కలలన్నీ అటే తిరిగాయి, కాలేజీ చదువు ఆ కలలకు సరిపోలేదన్న అసంతృప్తే అమీర్‌పేటను నిలబెట్టింది. కానీ అమీర్‌పేటలో ఏం జరిగేదో గమనిస్తే నా వాదనకే బలం వస్తుంది. వందల మంది కూర్చున్న హాల్లో సార్ బోర్డు మీద సర్వ్‌లెట్ జీవితచక్రం గీస్తే, విద్యార్థి రన్నింగ్ నోట్సు రాసుకునేవాడు. ఆ బోర్డు మీది బొమ్మను తన కాలేజీ మెషీన్‌లో ఒకసారైనా లేపి చూసినవాడికి అది జ్ఞాపకంగా వినిపించేది, చూడనివాడికి కంఠస్థంగా మిగిలేది. ఒకే పాఠం ఇద్దరికీ రెండు విధాలుగా అందడానికి కారణం అంతకుముందు లోకల్‌హోస్ట్‌ను చూడడం, చూడకపోవడం. చిలుకూరు బాలాజీ గుడికి వీసా కోసం వెళ్లి 11 ప్రదక్షిణలు చేసి, కోరిక తీరాక 108 చేసిన ఇంజినీర్లలో ఈ పక్క కాలేజీల్లో చదివినవాళ్లూ ఉన్నారు. వాళ్ల ఉద్యోగాలకు కాలేజీ ల్యాబ్ ఒక్కటే కారణమని నేను అనను. కాలేజీ వేసిన మొదటి దారి మీదే మిగతా దారులన్నీ పడ్డాయని అంటాను.

నాలుగో ఆక్షేపణ నాకు అన్నిటికంటే బరువైనదిగా తోస్తుంది. ఆ ల్యాబ్ షీటులో పుస్తకాల ధరలు డాలర్లలో ఉన్నాయి. జావా పుస్తకం ముప్పైఅయిదున్నర డాలర్లు, ఎక్స్ఎంఎల్ పుస్తకం నలభైన్నర. పక్క పొలంలో గులాబీ కట్ట ధర రోజూ మారుతుంటే, ఆ రైతు బిడ్డ ల్యాబ్‌లో కూర్చుని డాలర్ల దుకాణం కట్టాడు. ఒక్క తెలుగు అక్షరం ఆ పేజీల్లో లేదు. కారణాలు సాంకేతికమైనవి కూడా. యూనికోడ్‌లో తెలుగు 1991 మొదటి వెర్షన్ నుంచే ఉన్నా, విండోస్ ఎక్స్‌పీలో భారతీయ లిపుల మద్దతును విడిగా సీడీ పెట్టి వేసుకోవాల్సి వచ్చేది, లేకపోతే తెలుగు డబ్బాలుగా కనిపించేది. తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లు వాడేవి, ఆ ఫాంటు దించుకుంటే గానీ వార్త చదవలేం. సిలబస్ ఈ సంగతిని ఎక్కడా తాకలేదు. తన నేలకూ తన భాషకూ సంబంధం లేకుండా వెబ్ నేర్పడం ఆ చదువులో అసలైన లోటు, దానికి నా దగ్గర సమర్థన లేదు. అయితే ఆ లోటు పూడ్చినవాళ్లు ఎవరో, ఏ పరిజ్ఞానంతో పూడ్చారో కూడా గుర్తుంచుకోవాలి. 2006లో వీవెన్ తెచ్చిన లేఖిని, ఇంగ్లిష్ అక్షరాలు కొడితే తెలుగు చూపించే ఒక వెబ్ పేజీ. దాని వెనక ఉన్నది హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, డబ్ల్యూటీ ల్యాబ్ మొదటి వారాల్లో నేర్పినవే. 2003 డిసెంబర్‌లో మొదలైన తెలుగు వికీపీడియాను నింపినవాళ్లకు అలాంటి పనిముట్లే ఆసరా అయ్యాయి. అంటే కొరత పనిముట్లలో లేదు, ఆ పనిముట్లతో ఏం కట్టమని అడిగామన్న దగ్గర ఉంది. దాన్ని సరిదిద్దడం తేలిక.

చివరి ఆక్షేపణ నేటి కాలానిది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చాక చేవెళ్లలో కూర్చున్న అమ్మాయి ఫోన్‌లో తెలుగులోనే వెబ్ డెవలప్‌మెంట్ పాఠాలు వినగలదు. ఎర్రర్ వస్తే అడగడానికి వేల మంది ఉన్నారు. 2022 నవంబర్ తర్వాత కృత్రిమ మేధను అడిగితే పుస్తకాల దుకాణం మొత్తం నిమిషాల్లో రాసిస్తుంది. జేఎన్టీయూ సిలబస్ కూడా కదిలింది: 2013 నిబంధనల్లో పీహెచ్‌పీ వచ్చింది, ఇటీవలి వాటిలో నోడ్, రియాక్ట్ వచ్చాయి. ఇన్ని సౌకర్యాల ముందు నెట్ లేని ల్యాబ్‌ను తలుచుకోవడం పేదరికాన్ని పొగడడమేనని అంటారు. పేదరికాన్ని పొగడనక్కర్లేదు. నెట్ లేకపోవడం వల్ల ఎంతమంది ఎక్కడికక్కడ ఆగిపోయారో లెక్క లేదు, ఇప్పటి అమ్మాయికి దొరికిన పాఠాలు ఆనాటి వాళ్లకు దొరికి ఉంటే బాగుండేది. నా అభ్యంతరం సౌకర్యం మీద కాదు, అది దాచేస్తున్నదాని మీద. ఫోన్ వెబ్‌ను చూడనిస్తుంది గానీ విప్పి చూడనివ్వదు, అందులో పేజీ సోర్సు తెరవడం మామూలు వాడుకలో లేని పని. రియాక్ట్ ప్రాజెక్టు మొదలుపెట్టే ఒక్క ఆదేశం వందల ప్యాకేజీలు దించుతుంది, వాటిలో ఏది ఏం చేస్తుందో మూడో ఏడు విద్యార్థికి తెలిసే వీలు లేదు. సర్వర్ ఏ దేశంలో ఉందో తెలియని క్లౌడ్‌లో ఉంటుంది, డేటాబేస్ ఇంకొకరి సేవ. ముక్కలన్నీ పనిచేస్తాయి, కానీ ముక్కకూ ముక్కకూ మధ్య అతుకు ఎక్కడుందో కనిపించదు. ఏదైనా విరిగినప్పుడు ఎక్కడ విరిగిందో చెప్పగలగడమే ఇంజినీర్ పని అయితే, అతుకు చూడనివాడికి ఆ పని ఎలా వస్తుంది? యంత్రం రాసిచ్చిన కోడు సరైనదో కాదో తేల్చాల్సిన రోజుల్లో ఆ చూపు అవసరం తగ్గలేదు, పెరిగింది.

ఆ పద్ధతి ఒక్కరోజులో పోలేదు, ఎవరో కావాలని తీసేయలేదు కూడా. ల్యాబుల్లోకి నెట్ వచ్చాక సీడీలు మాయమయ్యాయి. నోట్‌ప్యాడ్ స్థానంలో తప్పును రాయకముందే చూపించే ఎడిటర్లు వచ్చాయి. కాపీకి పెన్‌డ్రైవ్ అక్కర్లేకపోయింది. 2020 మార్చిలో కరోనాతో కాలేజీలు మూతపడినప్పుడు, ల్యాబ్ అంటే ఒక గది అన్న భావనకే దెబ్బ తగిలింది. ఒక్కొక్క మార్పూ విడిగా చూస్తే మంచిదే. అన్నీ కలిసి తీసుకుపోయినదాన్ని మాత్రం ఎవరూ లెక్కలో రాయలేదు. అందుకే ఈ జ్ఞాపకాన్ని నిట్టూర్పుగా వదిలేయకుండా ఒక ప్రతిపాదనగా ముందుంచుతున్నాను. వెబ్ నేర్పే ప్రతి కాలేజీలో మొదటి ఆరు వారాలు పాత పద్ధతిలోనే నడపాలి: నెట్ తీసేసి, ఫ్రేమ్‌వర్క్ లేకుండా, సాదా ఎడిటర్, ఒక సర్వర్, ఒక డేటాబేస్, అన్నీ విద్యార్థి మెషీన్‌లోనే. ఫ్రేములు, ఫాంట్ ట్యాగులు అక్కర్లేదు, రికార్డు చేత్తో రాయించనక్కర్లేదు. మార్కులు కాగితానికి కాకుండా, మాస్టారు కావాలని చెడగొట్టిన సైటులో తప్పు ఎక్కడుందో కనిపెట్టినందుకు ఇవ్వాలి. డాలర్ల పుస్తకాల దుకాణం బదులు, గుడిమల్కాపూర్‌కు వెళ్లే పూల ధరలను రూపాయల్లో, తెలుగులో చూపించే సైటు కట్టమనాలి. రైతు పేరు తెలుగులో టైపు చేస్తే డేటాబేస్‌లోకి చెక్కుచెదరకుండా వెళ్లి అదే రూపంలో తిరిగి రావాలి. ఆ ఒక్క నియమంలో ఆనాటి ల్యాబ్ నేర్పినదంతా, అది నేర్పకుండా వదిలేసినదీ కలిసి వస్తాయి. ఏడో వారం నుంచి రియాక్ట్ నేర్పినా, కృత్రిమ మేధను వాడనిచ్చినా భయం లేదు. అప్పటికి ఆ విద్యార్థి వెబ్‌ను ఒకసారి తన చేత్తో మొదటి నుంచి చివరిదాకా కట్టి ఉంటాడు. తనకు ఎవరు ఏం రాసిచ్చినా ప్రశ్నించే అర్హత అతనికి ఉంటుంది.